అడిగితేనే చెప్పే అంపైరు

మొన్న కడప నుంచి మైదుకూరు వచ్చే బస్సులో కండక్టరు నన్ను ముందుకు జరగమన్నాడు. నేను ఎక్కిన చోటే నిటారుగా నిలబడి ఉన్నాను. ఎవరో జరగమంటే జరగడం మా ఇంటి అలవాటు కాదు. ఆయన రెండోసారి అన్నాడు. "ఎనక మనుషులెక్కుతాండారు, నువ్వు ఆడనే నాటుకుంటే ఎట్లప్పా?" ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే రెండు సీట్లు ముందుకు జరిగాను. పక్కనున్న ఆవిడ నన్ను వింతగా చూసింది. పాతికేళ్ళ కిందట ఇదే సంగతిని, ఇట్లాంటి బస్సునే ఉదాహరణగా చూపించి నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చాడని ఆవిడకు ఏం తెలుసు? ఆయన ఈ వేసవిలో కాలం చేశాడు.

ఆయన పేరు రాయను. బేస్‌బాల్ గ్రౌండులో ఆయన ఎవరినీ పేరుపెట్టి పిలిచేవాడు కాదు. పరుగెత్తేవాడు రన్నర్, బంతి పట్టేవాడు ఫీల్డర్, అంతే. మైదుకూరులో మా కాలేజీ గేటుకు ఎదురుగా పరుపులు, దిండ్లు కుట్టే అంగడి ఆయనది. వాళ్ళ నాయన ఇంటింటికీ తిరిగి దూదేకేవాడు; మా తాత కాలం నాటి పరుపులన్నీ ఆయన ఏకిన దూదితో కుట్టినవే. ఆ గుర్తుతో అంగట్లో ఉన్నప్పుడు నన్ను "రెడ్డీ" అని మర్యాదగానే పిలిచేవాడు. గేటు దాటి గ్రౌండులో అడుగుపెడితే మాత్రం నేను "రన్నరూ". మొదట్లో ఇది నాకు గుచ్చుకుంది. అప్పటికే మా ఇంట్లో భూములు పోయాయి, ఎద్దులు పోయాయి, ముందు హాలు ఎరువుల కొట్టుకు అద్దెకు పోయింది. మిగిలింది పేరొక్కటే. దాన్ని కూడా గేటు దగ్గర వదిలి రమ్మంటే ఎట్లా?

ఆయన ఈ ఆటలోకి వచ్చింది సంచుల వల్ల. ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. గ్రౌండులో నాలుగు మూలలా నాలుగు బేసులుంటాయి. బ్యాటు పట్టుకొని నిలబడే చోట నేలకు అంటిన చదును పలక ఉంటుంది, దాన్ని హోమ్ అంటారు. మిగిలిన మూడూ సంచులు. బంతిని కొట్టినవాడు ఆ సంచులను వరసగా కాలితో ముట్టుకుంటూ చుట్టి వచ్చి హోమ్‌ను ముడితే ఒక పరుగు. మా పీడీ సార్ మూడు సంచులు కుట్టివ్వమని అడిగితే ఆయన మంచి బూరుగు దూది నింపి, అంచులకు రంగు పట్టీ వేసి, పెళ్ళివారి దిండ్లలాగా కుట్టిచ్చాడు. మొదటిరోజే ఒకడి కాలు అందులో దిగబడి మడమ బెణికింది. తన సంచి ఏం తప్పు చేసిందో చూద్దామని ఆయన గ్రౌండులోకి వచ్చాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బయటికి వెళ్ళలేదు.

రెండోసారి కొబ్బరిపీచు కూరి, పైన ఒక పొర వేరుశనగ పొట్టు వేశాడు. పొట్టు ఎందుకని సార్ అడిగితే, కాలు పడితే కరకరమనాల, నాకు ఇనపడాల అన్నాడు. అంపైరుగా మొదటి బేసు దగ్గర ఆయన కళ్ళు సగం మూసి, తల ఒక పక్కకు వంచి నిలబడేవాడు. ముందు పొట్టు కరకరలాడితే సేఫ్. ముందు బేసు కాచేవాడి గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడైతే ఔట్. సేఫ్ అని చెప్పడానికి రెండు చేతులూ చాచి గాలిని చదును చేసేవాడు, కొత్త పరుపు మీద ముడతలు సర్దినట్టు. ఔట్‌కు పిడికిలి బిగించి చెవి పక్కకు ఒక్క గుంజు గుంజేవాడు. అంగట్లో పురికొస లాగేటప్పుడూ ఆయన చెయ్యి అట్లాగే లేచేది. చొక్కా కాలరుకు దబ్బనం ఎప్పుడూ గుచ్చి ఉండేది. ఆట మధ్యలో సంచి చిరిగితే ఆట ఆపి, అక్కడే గొంతుక్కూర్చొని కుట్టేవాడు. రెండు టీములూ చుట్టూ నిలబడి చూసేవి.

నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. పక్కనున్న మందుల అంగడి ఆయనతో రోజుకొక పేజీ చదివించుకొని, అర్థం చెప్పించుకొని, దాన్నంతా తన మాటల్లో పెట్టుకున్నాడు. నేను మొదట దెబ్బతిన్నది ఆ మాటలకే.

ఆరోజు బంతి కొట్టి మొదటి బేసు చేరి దాని మీద నిలబడ్డాను. నా తర్వాతివాడు నేలబారుగా కొట్టి నా వైపే పరుగెత్తుకొస్తున్నాడు. నేను కదల్లేదు. వచ్చినవాడూ నేనూ ఒకే సంచి మీద భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. ఒక ఫీల్డర్ బంతి తీసుకొని, తాపీగా నడిచి వెళ్ళి రెండో బేసును తొక్కాడు. అంపైరు పిడికిలి లేచింది.

"ఎవురౌటు?" అన్నాను.

"నువ్వే రన్నరూ."

"ముందొచ్చింది నేను."

"వచ్చినావు, కాదనేదెవురు? బద్వేలు బస్సెక్కినావా ఎప్పుడన్నా? మెట్టు మీద ఇంకొకడు కాలు పెట్టినాక నువ్వు వాకిట్లో నిలబడేదానికి లేదు. లోపలికి జరగాల్సిందే. కొట్టినోడు పరిగెత్తుతాండాడంటే ఆ సంచి నీది కాదప్పా."

"వాడు మధ్యలో ఔటయితే?"

"దిగిపోయినట్టు. అప్పుడు నిన్ను జరగమనే హక్కు ఎవురికీ లేదు. నీ ఇష్టమున్నంతసేపు నిలబడుకో."

ఆయనకు నిబంధనలన్నీ బస్సులోనే ఉండేవి. ముందున్న రన్నర్‌ను వెనకవాడు దాటిపోతే వెనకవాడు ఔట్. అది వరసలో ఉన్నవాణ్ణి తోసుకొని ఎక్కడం. కొట్టిన బంతిని నేల తాకకముందే ఎవరైనా పట్టుకుంటే, అప్పటికే బయలుదేరిన రన్నర్ వెనక్కి వచ్చి తన సంచిని ముట్టి మళ్ళీ బయలుదేరాలి; అది టిక్కెట్టు మరిచిపోయినవాడు దిగి మళ్ళీ ఎక్కడం. మొదటి బేసును ముట్టి ఊపులో నాలుగడుగులు ముందుకు పోయినా తప్పు లేదు, రెండో మూడో బేసుల దగ్గర అట్లా పోతే బంతి తగిలించి ఔట్ చేస్తారు. ఈ తేడా ఎందుకని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మొదటిది బస్టాండంట, బస్సు కొంచెం ముందుకు పోయి ఆగినా అడిగేవాళ్ళుండరు. మిగతా రెండూ దారిలో చెయ్యెత్తితే ఆపే స్టాపులంట, దాటితే పాయె.

ఒక్క జారడం మాత్రం ఆయన నాకు నేర్పలేకపోయాడు. బేసు దగ్గర మట్టిలోకి దూకి జారితే బంతికి దొరకరు. నేను నిలబడే పరుగెత్తేవాణ్ణి, నిలబడే ఔటయ్యేవాణ్ణి. మా తాత గుర్రం దిగి పరుగెత్తిన మనిషి కాదు. ఆయన మనవడు మట్టిలో పొర్లుతుంటే ఊరు చూడాలా? గ్రౌండులో ఆయన దీని గురించి ఏమీ అనేవాడు కాదు. అంపైరు సలహా చెప్పకూడదు. ఒకసారి అంగడి ముందు నుంచి పోతుంటే పిలిచి, "రెడ్డీ, నీ ప్యాంటు ఎవురుతుకుతారు?" అని అడిగాడు. నేనే అన్నాను. "మరింకెవురికి భయపడతాండావు?" అని మళ్ళీ కుట్టులోకి తల వంచుకున్నాడు.

అన్నిటికంటే నాకు విచిత్రంగా తోచింది ఆయన మౌనం. రన్నర్ ఒక బేసును ముట్టకుండా దాటిపోతాడనుకోండి. అంపైరు కళ్ళారా చూసినా తనంతట తాను చెప్పకూడదు. అవతలి టీము బంతి పట్టుకొని ఆ బేసును ముట్టి, వీడు ఇక్కడ ముట్టలేదు అని అడగాలి. దాన్ని అప్పీలు అంటారు. అడిగితే ఔట్. అడక్కపోతే పరుగు పరుగే. మాకు ఇది తప్పును చూసి ఊరుకోవడంగా కనబడేది. ఆయనకు మాత్రం మొత్తం పుస్తకంలో ఇదే ఇష్టమైన పేజీ. అడిగితే చెప్పేది తీర్పు, అడక్కముందే చెప్పేది చాడీ అనేవాడు. రన్నర్ బేసు ముట్టాడో లేదో ఆయన ముఖం చూసి కనుక్కోవాలని చాలామంది ప్రయత్నించారు. గోడను చూసినా అంతే.

డిగ్రీ చివరి ఏడాది మా గ్రౌండులో రెండు రోజుల పోటీలు జరిగాయి. నేను కెప్టెన్‌ను, రెండో బేసు కాపలా నాది. పోటీలకు ముందు సంచుల కాన్వాసు చిరిగిపోయింది, కొత్త గుడ్డ వేళకు రాలేదు. ఆయన గట్టిగా ఉన్నాయని బియ్యం సంచులు కత్తిరించి తొడుగులు కుట్టాడు. తీరా ఆట మొదలయ్యే ముందు చూస్తే, ప్రతి సంచి మీదా తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి. ఆయన పోగు గట్టిదనం చూశాడు గాని బొమ్మను చూసుకోలేదు. మార్చడానికి వేళ లేదు. నేను మావాళ్ళను దగ్గరికి పిలిచి, బొమ్మ మధ్యలో ఉంది, అంచుల్లో లేదు, కాలి వేలితో అంచు ముట్టి పొండి అని చెప్పాను.

మొదటి మ్యాచ్ పత్తికొండ టీముతో. వాళ్ళకు ఆ ఉపాయం ఎవరూ చెప్పలేదు. రెండో బేసు దగ్గరికి రాగానే వాళ్ళ కుర్రాళ్ళు పెద్ద అంగ వేసి సంచి మీదుగా దాటిపోతున్నారు. ఒకడు దాటుతూ దాటుతూ గుండె మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు. నేను బంతి తెప్పించుకున్నాను. వంగి సంచి అంచును బంతితో ముట్టాను. లేచి నిటారుగా నిలబడి, ఆ బేసు దగ్గర అంపైరుగా ఉన్న ఆయన్ని అడిగాను. ఆయన పిడికిలి లేచింది. ఆ మ్యాచ్‌లో నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ లేచింది. గెలిచాం.

ఆట అయ్యాక ఆయన గీత దాటి, టోపీ తీసి, పత్తికొండవాళ్ళు కూర్చున్న చోటికి వెళ్ళాడు. ఔటు ఔటేనని, అది రూలని, కానీ సంచి కుట్టింది తానని, బొమ్మ చూసుకోకపోవడం తన తప్పని చెప్పి, మన్నించమన్నాడు. నేను ఆ సమయంలో స్కోరుబోర్డు చూసుకుంటున్నాను. ఆ సాయంత్రమే ఆయన తొడుగులన్నీ విప్పి, బొమ్మ లోపలికి పోయేటట్టు తిరగేసి కుట్టాడు.

పత్తికొండవాళ్ళు మిగతా మ్యాచ్‌లన్నీ గెలిచి మళ్ళీ మా ముందుకే వచ్చారు, ఫైనల్‌కు. చివరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానం. నేను రెండో బేసు మీదున్నాను. మావాడు కుడివైపు ఖాళీలోకి కొట్టాడు. నేను పరుగందుకున్నాను. ఆరోజు ఆటలో బూట్ల ముళ్ళకు మూడో సంచి తొడుగు ఒక అంచు నుంచి నడిమిదాకా చిరిగి, గుడ్డ మడత తిరిగి పడి ఉంది. దగ్గరికి వచ్చేసరికి ఆ మడతలో నుంచి అమ్మవారి ముఖం నన్నే చూస్తోంది. నా కాలు నన్ను అడక్కుండా పైకి లేచింది. పూర్తిగా దాటేశానో, మడమ అంచుకు తగిలిందో నాకే తెలియలేదు. జనం కేకల్లో పొట్టు చప్పుడు వినబడే వీలు లేదు. వెనక్కి తిరిగితే ఔట్. ముందుకే పోయాను. హోమ్ దగ్గర వాళ్ళ క్యాచర్ చేతుల్లోకి బంతి వస్తోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మట్టిలోకి దూకి జారాను. అక్కడున్న అంపైరు సేఫ్ అన్నాడు.

మావాళ్ళు నన్ను భుజాలకెత్తుకున్నారు. పత్తికొండవాళ్ళు హోమ్ దగ్గర చేరి, నేను పలక ముట్టకముందే బంతి తగిలిందని కాసేపు వాదించి వదిలేశారు. మూడో బేసు మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడి అంపైరు ఆయనే. ఎత్తుకున్నవాళ్ళ తలల మీదుగా చూశాను. చేతులు కట్టుకొని సంచి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆట ముగిసినా ఫీల్డింగు టీములో చివరి మనిషి గీత దాటేదాకా వాళ్ళకు అడిగే హక్కు ఉంటుంది. ఆ చివరి మనిషి దాటాక ఆయన సంచిని చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు.

గెలిచిన కప్పును మా ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టాం. అందులో ఒకప్పుడు వెండి ఉండేది, ఒక్కొక్కటే వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఉన్నవన్నీ తాతలు తెచ్చినవి, లేనివన్నీ నాన్న పోగొట్టినవి. నేను తెచ్చింది ఈ కప్పు ఒక్కటే. అది నాదో కాదో తెలియకుండా రోజూ ఆ అద్దంలో తల దువ్వుకోవడం ఎంత కష్టమో చెప్పలేను.

తేల్చగలవాడు ఆయనొక్కడే. ఊరికే వెళ్ళి అడగడానికి అభిమానం అడ్డొచ్చి, దిండు కావాలని వెళ్ళేవాణ్ణి. కాసేపు దూది గురించి మాట్లాడి, మెల్లగా అడిగేవాణ్ణి. గ్రౌండు బయట మా కుర్రాళ్ళందరికీ ఆయన మామ.

"మామా, ఆ పొద్దు నేను మూడో బేసు ముట్టినానా?"

"నువ్వు ఫీల్డింగు టీమా?"

"కాదు."

"మరి నువ్వెట్లడుగుతావు? రన్నరు తన మీద తానే అప్పీలు చేసుకునే రూలు యా పుస్తకంలోనూ లేదు. బూరుగు దూదా, మామూలుదా?"

నా పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, ఈ సంభాషణ మారలేదు. ఇప్పుడు మా ఇంట్లో మనుషులం ముగ్గురం, దిండ్లు పద్నాలుగు. ఆయన నోరు విప్పేలోగా మనం మంచాల మీద కాదు, దిండ్ల మీదే కాపురం చేయాల్సి వస్తుందని నా భార్య అనేది.

పోయినేడాది కాలేజీవాళ్ళు ఆటల హాలు కట్టించారు. కప్పు ఇస్తే గాజు పెట్టెలో పెట్టి, పక్కన బోర్డు మీద గెలుపు పరుగు తీసిన కెప్టెన్‌గా నా పేరు రాయిస్తామన్నారు. మా ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాల్లో. మా ఇంటిపేరు గోడకెక్కి ఎన్నాళ్ళయింది! అయినా నెల గడువు అడిగి, పత్తికొండ బస్సెక్కాను.

ఫైనల్‌లో మూడో బేసు కాచిన మనిషి ఇప్పుడు అక్కడ టమోటా మండీ నడుపుతున్నాడు. నేను నా పేరు చెప్పాను. ఆయనకు గుర్తు రాలేదు. మైదుకూరు, బేస్‌బాల్ అన్నాను. "ఓహో, నాలుగు అప్పీళ్ళ రెడ్డివా నువ్వు" అన్నాడు. పాతికేళ్ళుగా ఆ ఊళ్ళో నాకు ఆ పేరు స్థిరపడి ఉందని అప్పుడే తెలిసింది. వచ్చిన పని చెప్పాను: మైదుకూరు వచ్చి నా మీద అప్పీలు చేయాలి. ఆయన తక్కెడ ఆపి మరీ నవ్వాడు. కూతుర్ని కడపలో కాలేజీకి దింపి వచ్చేటప్పుడు దిగుతానన్నాడు. అన్నట్టే దిగాడు, చేతిలో ఒక బుట్ట టమోటాలతో.

అంగట్లో మామ మోకాళ్ళ మీద దిండు గలీబు పరుచుకొని కుడుతున్నాడు. పత్తికొండ మనిషి నేను నేర్పినట్టే గొంతు సవరించుకొని, "అంపైరూ, ఈ రన్నరు మూడో బేసు ముట్టలేదు" అన్నాడు.

మామ కుట్టు ఆపాడు. మోకాళ్ళు పట్టుకొని మెల్లగా లేచి నిలబడ్డాడు. తీర్పు కూర్చొని చెప్పేది కాదు.

"బంతేది?"

పత్తికొండ మనిషి బుట్టలో నుంచి ఒక టమోటా తీశాడు.

"బేసేది?"

నేను ఒక దిండు తీసి నేల మీద పెట్టాను. ఆయన వంగి టమోటాతో దాన్ని ముట్టాడు. కొత్త గలీబు మీద ఎర్రగా మరక పడింది. మామ దాన్ని పట్టించుకోలేదు.

"మీ టీము గ్రౌండు ఇడిసి ఎన్నాళ్ళయింది?"

"పాతికేండ్లు."

"అప్పీలు చెల్లదు. స్కోరు మారదు."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, లేని టోపీని తల మీద నుంచి తీసినట్టు తీసి పక్కన పెట్టాడు. పత్తికొండ మనిషి వైపు తిరిగాడు.

"ఇప్పుడు నేను అంపైరును కాదు. ఒక మాట అడుగుతా. ఆ పొద్దు అందురూ పాయిరి, నువ్వొక్కనివి ఆ సంచి కాడ నిలబడితివి. నేనూ నిలబడితి. అడుగుతావేమోనని నీ మొగమే జూస్తాంటి. నువ్వు జూసినావు, నాకు తెలుసు. ఎందుకడగలేదప్పా?"

ఇన్నేళ్ళూ ఈ సంగతి మోస్తున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆయన దగ్గరా ఒక ప్రశ్న ఉంది, అడిగే హక్కు లేక ఆయన కూడా ఊరుకున్నాడు.

పత్తికొండ మనిషి టమోటాను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఏమని అడిగేది సామీ. ముందునాడు మావోళ్ళు నలుగురు ఆ తల్లిని తొక్కలేక ఔటయిరి. ఈయప్ప ఇట్ల కట్టె మాదిరి నిలబడి ఔటడిగె. శానా కోపముండె నాకు. మర్నాడు ఈయప్ప కాలు గూడా అట్లే లేసె. ఈయప్పకూ ఆ భయముండాదే అనుకుంటి. దానికి ఔటడిగేదానికి నాకు నోరు రాలే."

"అంటే ముట్టలేదు" అన్నాను.

"ఇంతెత్తు" అని ఆయన టమోటాను నేలకు మూరెడు ఎత్తున పట్టి చూపించాడు.

"అంత లేదు" అన్నాడు మామ. "బెత్తెడు."

నాకు సిగ్గు వేయాలి. వేసింది కూడా. కానీ దానికంటే ముందు నవ్వు వచ్చింది, ముగ్గురికీ ఒకేసారి. పత్తికొండ మనిషిని కప్పు తీసుకుపొమ్మన్నాను. స్కోరు మారదని అంపైరే చెప్పె గదా, నాకెందుకన్నాడు. ఇక నాలుగు అప్పీళ్ళ సంగతి మిగిలింది. అవి రూలు ప్రకారమే చేశాను. అయినా మన్నించమని అడగాలనిపించింది. మా ఇంట్లో ఆ మాట వాడిన మనిషిని నేను చూడలేదు కాబట్టి నోరు తిరగడానికి కొంతసేపు పట్టింది. ఎట్లాగో అన్నాను.

"నువ్వు గూడా గ్రౌండు ఇడిసినాకనే చెప్తాండావు గదప్పా" అన్నాడు పత్తికొండ మనిషి. అని, సగం టమోటాలు నాకూ సగం మామకూ ఇచ్చి బస్సెక్కాడు.

కప్పు కాలేజీకి ఇచ్చాను. బోర్డు మీద నా పేరు వద్దన్నాను. దానికి బదులు రెండు వాక్యాలు రాసిచ్చాను: "గెలుపు పరుగు తీసిన రన్నర్ మూడో బేసు ముట్టలేదు. పత్తికొండ ఫీల్డర్ అడగలేదు." ఇట్లా ఎవరైనా రాస్తారా అని ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు నచ్చజెప్పి చూశారు. కప్పు ఇవ్వనన్నాక ఒప్పుకున్నారు.

హాలు తెరిచిన రోజు మామ వచ్చాడు. తెల్ల చొక్కా, కాలరుకు దబ్బనం. బోర్డు ముందు నిలబడి ఒక్కో అక్షరం చదివాడు. మెచ్చుకుంటాడేమోనని పక్కనే నిలబడ్డాను.

"అంపైరు జూసినాడని గూడా రాయించు రెడ్డీ" అన్నాడు. "లేకుంటే నేను నిద్రపోతాండానని అనుకుంటారు."

రాయించాను. పెయింటరు ముందుగా జాగా వదల్లేదు కాబట్టి ఆ మూడో వాక్యాన్ని చిన్న అక్షరాల్లో, బోర్డు అడుగంచున ఇరికించాడు. దాన్ని చదవాలంటే నడుం బాగా వంచాలి. అటువైపు వెళ్ళినప్పుడల్లా చదువుతాను.